చెంపకు తెలిసిన వేడి

ఇస్త్రీపెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకునేటప్పుడు మడతల పిన్ని కళ్లు మూసుకుంటుంది. రెండు వేళ్ల దూరంలో ఆపుతుంది. ఇనుము ఏదో రహస్యం చెబుతున్నట్టూ, ఆమె ఊ కొడుతూ వింటున్నట్టూ ఉంటుంది చూసేవాళ్లకి. తర్వాత కళ్లు తెరిచి, ఉన్నికి సరిపోతుందనో, పట్టుకి ఇంకా తగ్గాలనో తనలో తను అనుకుని బల్ల మీదికి వంగుతుంది.

పెట్టెకు అంకెల చక్రం ఒకటుంది. తిప్పితే వేడి ఎంతో చూపిస్తుంది. ఆ లాండ్రీలో దాన్ని నమ్మినవాళ్లు లేరు. లాండ్రీ పెట్టిన పెద్దావిడ, అంటే ఇప్పటి యజమానురాలి తల్లి, ఆ చక్రాన్ని అలంకారం కింద జమకట్టేసింది. ఆవిడ పెట్టిన నియమాలు రెండే. వేడిని చెంపతో చూడాలి. గుడ్డ పరిచాక అది పూర్తయ్యేదాకా పెట్టెను పక్కన పెట్టకూడదు. మధ్యలో ఆపితే, తడి ఆరిపోయి, ఆపినచోట గీత పడుతుంది. ఆ గీతను దేవుడు దిగొచ్చినా తీయలేడనేది ఆవిడ.

ఇరవై ఆరేళ్ల కిందట పిన్ని పనిలో చేరినప్పుడు మొదటి వారమంతా ఆవిడ గుడ్డ ఇవ్వలేదు. పెట్టె మాత్రం చేతికిచ్చింది. ఎత్తడం, చెంప దగ్గర ఆపడం, దించడం. ఎనిమిదో రోజున ఒక జేబురుమాలు ఇచ్చింది. పెద్దావిడ ఎడమ చెంప మీద గోరంత నల్లటి మచ్చ ఉండేది. ఎవరైనా అడిగితే, పని ఇచ్చిన బహుమతి అని నవ్వేసేది. పిన్ని వయసులో ఉన్నప్పుడు ఆ మచ్చంటే ఆమెకి అసూయగా కూడా ఉండేది.

మడతల పిన్ని అన్న పేరు ఎప్పుడు అంటుకుందో ఎవరికీ గుర్తులేదు. ఆమె మడతపెట్టిచ్చిన చొక్కాను విప్పబుద్ధి కాక ఒకాయన పాత చొక్కాతోనే పెళ్లిచూపులకి వెళ్లిపోయాడని ఒక కథ ఉంది. అది మరకల మామయ్య పుట్టించిన కథ కాబట్టి సగానికి సగం తగ్గించుకుని వినాలి.

మరకల మామయ్యది గది చివర చిన్న బల్ల. పద్నాలుగు సీసాలు, ఒక అరిగిపోయిన పళ్లబ్రష్షు, ముక్కు చివరిదాకా జారిన కళ్లజోడు. చొక్కా మీద మరక చూసి ఆ మనిషి ఏ పూట ఏం చేశాడో, ఇంట్లో ఏమని చెప్పి ఉంటాడో కూడా చెప్పేస్తాడు. గది మధ్యలో రెండు బల్లల దగ్గర నూలు బట్టలు చేసే అక్కాచెల్లెళ్లు. కిటికీ పక్కనున్నది పట్టుబల్ల. అక్కడికి పొద్దంతా మెత్తటి వెలుతురు వస్తుంది, కాచి చల్లార్చిన పాలలాంటి వెలుతురు. ఆ వెలుతురులో పట్టు మీద చిన్న ముడత కూడా నదిలా కనిపిస్తుంది. పదిహేనేళ్లుగా ఆ బల్ల పిన్నిది. ఆమెకి సొంతమని చెప్పుకోగలిగింది ఇల్లు కాదు, ఇల్లు అద్దెది. ఆ బల్ల.

ఏడాదిన్నర కిందట ఒక మధ్యాహ్నం, చేతిలో ఒక పెళ్లికూతురి పైట ఉండగా, ఎవరైనా కిటికీ తెరుస్తారా అని అడిగింది పిన్ని. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కిటికీ తెరిచే ఉంది.

అలా మొదలైంది. పక్కటెముకల కింద ఎవరో అగ్గిపుల్ల గీసినట్టు ఉండేది. అక్కడినుంచి గొంతులోకి, చెవుల వెనక్కి, చెంపల్లోకి ఎక్కేది. కాసేపు ఒళ్లంతా వెలిగి, ఆరిపోయి, వీపు మీద చల్లటి చెమట వదిలి వెళ్లిపోయేది. నెలసరి అప్పటికే తడబడుతోంది. రెండు నెలలకొకసారి, తర్వాత నాలుగు నెలలకొకసారి వచ్చి, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా మానేసింది. ఇది ఆడవాళ్లందరికీ ఉండేదేనని పిన్నికి తెలుసు. కాకపోతే అందరూ ఇస్త్రీపెట్టెను చెంప దగ్గర పెట్టుకుని బతకరు.

అది చాలదన్నట్టు ఎనిమిది నెలల కిందట కుడి భుజం పట్టుకుంది. మొదట్లో, సరిగ్గా పడుకోలేదేమో అనుకుంది. తర్వాత జడ వేసుకోవడం కష్టమైంది. రవిక చెయ్యి తొడగడం ఒక యుద్ధమైంది. పూర్తయిన గౌనుల్ని తగిలించే పై కమ్మీ రోజురోజుకీ ఆకాశంలోకి పోతున్నట్టనిపించింది. చివర కొక్కెమున్న కర్ర ఒకటి తెచ్చుకుని దాంతో తగిలించేది. అదేమిటని మామయ్య అడిగితే, వయసొచ్చింది కదా, చేతికర్ర అలవాటు చేసుకుంటున్నానని నవ్వేసింది.

డాక్టరమ్మ పరీక్షలు చేయించి, నెలసరి ఆగే వయసులో ఇలా భుజం బిగుసుకోవడం తను చాలామందిలో చూస్తుంటానని చెప్పింది. కొంత మందు రాసింది, వ్యాయామం నేర్చుకోమంది, ఏడాది పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు, ఓపిక పట్టమంది. ఊళ్లో ఉండే ఆడపడుచు ఫోన్లో ఇంకా సులువుగా తేల్చేసింది. అంతా మనసులోనే ఉంది వదినా, మనసు గట్టి చేసుకో, అదే పోతుంది అంది. ఆ మాట పిన్నికి ముల్లులా దిగింది. లేని నొప్పిని పనిగట్టుకుని పెంచుకుంటున్నానన్నమాట. అయినా గట్టి చేసుకుని చూసింది. పళ్ల బిగువున పని చేసింది. సాయంత్రానికి భుజంతో పాటు దవడలు కూడా నొప్పి పెట్టేవి.

పనిచోట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. చెయ్యి తడబడినవాళ్లని అక్క కౌంటరు దగ్గర టవళ్లు మడతపెట్టే పనికి మారుస్తుంది. అక్క అంటే యజమానురాలు. పిన్ని కంటే ఆరేళ్లు పెద్దది. కోపంగా మారుస్తుందా అంటే కాదు, ప్రేమగానే మారుస్తుంది. అదే ఇంకా కష్టం.

చెంప అబద్ధం చెప్పడం మొదలుపెట్టిన సంగతి మొదట పిన్నికే తెలిసింది. లోపలి మంట చెంపకెక్కి ఉన్నప్పుడు పెట్టెను దగ్గరికి తెస్తే, అది మరీ కాలిపోతున్నట్టుండేది. చల్లారేదాకా ఆగేది. తీరా రుద్దితే చల్లటి ఇనుము గుడ్డ మీద ఊరికే తిరిగొచ్చేది. రెండు జాకెట్లు ముడతలతో వెనక్కొచ్చాయి. పిన్ని బట్టలు ఇస్త్రీ చేస్తోందా, జోకొడుతోందా అన్నాడు మరకల మామయ్య. అందరూ నవ్వారు, పిన్ని కూడా.

అప్పుడు ఆమె ఒక లెక్క కట్టుకుంది. చెంపకు తెలిసిన వేడిలోంచి తన వాటా తీసేసి, మిగిలింది మాత్రమే పెట్టెది అనుకోవాలి. ఆ లెక్క మూడు నెలలు బాగానే నడిచింది. తన వాటా ఎంతో తనకి తెలుసుననుకుంది.

ఆ తర్వాత ఫ్లూటు వాయించే మాస్టారి తెల్ల పట్టు చొక్కా వచ్చింది. ఆయన ప్రతి కచేరీకీ అదే వేసుకుంటాడు. పిన్ని పెట్టెను చెంప దగ్గరికి తెచ్చింది. బాగా వేడిగా ఉంది. సరిగ్గా అప్పుడే పక్కటెముకల కింద అగ్గిపుల్ల. ఇందులో సగం పైన నాదేలే అనుకుంది. పెట్టె ఆనించింది.

కాలిన వెంట్రుక వాసన ముందొచ్చింది. ఎత్తి చూస్తే చొక్కా ఎదమీద ఒక గోధుమరంగు ఆకు. మొన తిరిగిన, అందమైన ఆకు.

మరకల మామయ్య చొక్కా తన బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు. మూడు సీసాలు మార్చాడు. పళ్లబ్రష్షుతో, పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు మెల్లగా రుద్దాడు. అరగంట తర్వాత కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఇది మరక కాదమ్మాయ్. మరకైతే పైనుంచి వచ్చి కూర్చునేది, లేపి పంపించేవాణ్ణి. ఇక్కడ గుడ్డే మారిపోయింది."

అక్క మాస్టారికి ఫోన్ చేసి, జరిగింది చెప్పి, కొత్త చొక్కా కుట్టించి ఇస్తానంది. తర్వాత పిన్నిని లోపలి గదిలోకి పిలిచి కుర్చీ వేసింది. టీ కూడా తెప్పించింది. కుర్చీ, టీ చూశాకే పిన్నికి సంగతి అర్థమైంది.

అక్క చెప్పింది కొంచెమే. చెయ్యి సరిగా లేవట్లేదని తను కొన్నాళ్లుగా చూస్తూనే ఉన్నానంది. సోమవారం నుంచి కౌంటరు దగ్గర కూర్చోమంది. ఐదు వారాల్లో నాటక సమాజం వాళ్ల మడతల గౌను వస్తుంది. ఏటా వచ్చేదే, నలభై ఎనిమిది సన్నటి మడతలు, బూడిదరంగు పట్టు. దాన్ని పిన్ని తప్ప ఎవరూ ముట్టుకోలేదు ఇంతవరకు.

"అప్పటికి నీ చెయ్యి కుదురుకుంటే గౌను నువ్వే చెయ్యి, బల్ల నీదే. కుదరకపోతే ఆ బల్లకి మనిషిని చూసుకోవాలి నేను. ఏమంటావ్?"

పిన్ని తలూపి లేచింది. టీ చల్లారిపోయింది.

ఆ రాత్రి మొగుడికి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. అంతా విని, వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఫోన్ నంబరున్న చీటీని ఫ్రిజ్ మీదనుంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. డాక్టరమ్మ ఇచ్చిన ఆ చీటీ రెండు నెలలుగా అక్కడే ఉంది.

ఆ అమ్మాయికి పిన్ని కూతురి వయసుంటుంది. చిన్న గది, ఒక మంచం, గోడకి రబ్బరు తాళ్లు. పిన్నిని పడుకోబెట్టి, చెయ్యి కొంచెం పైకెత్తుతానంది. పిన్ని పళ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, అమ్మా అంది.

"ఇంకా ముట్టుకోలేదు ఆంటీ."

పిన్ని కళ్లు తెరిచింది. నిజమే. ఆ పిల్ల చేతులు ఇంకా గాల్లోనే, జానెడు దూరంలో ఉన్నాయి. అయినా నొప్పి వచ్చేసింది. అబద్ధపు నొప్పి కూడా కాదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. మూలిగింది తనే, మోసం చేసింది తనే అన్నట్టు సిగ్గేసింది ఆమెకి. ఆడపడుచు మాట చెవిలో మోగింది. లేచి కూర్చుని అడిగేసింది.

"అంటే అంతా మనసేనా అమ్మాయ్? నాకు నొప్పి లేనట్టేనా?"

ఆ పిల్ల నవ్వలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. భుజం లోపల నిజంగానే బిగుసుకుపోయిందని, అది కల్పన కాదని చెప్పింది. కానీ ఎనిమిది నెలలుగా నొప్పి తిని తిని, ఒళ్లు ముందే తలుపులు మూసుకుంటోందట. చెయ్యి ఎత్తాలనుకోగానే మెడ, దవడ, వీపు అన్నీ కలిసి గొళ్లెం పెట్టేస్తున్నాయట.

"లోపలి బిగింపు దాని టైముకి అది వదులుతుంది, మనం తొందరపెట్టలేం. దాని మీద మీరు వేసుకుంటున్న బిగింపు ఉంది చూశారా, అది మాత్రం కొంత మన చేతిలో ఉంది. నొప్పి పోతుందనను. రెండు నొప్పుల్లో ఒకటి తగ్గుతుందంటాను."

ఎత్తేముందు ఊపిరి వదలమంది. బిగబట్టకుండా, గొంతులోంచి చిన్నగా చప్పుడొచ్చేలా వదలమంది. అలా వదులుతుండగా చెయ్యి రెండు వేళ్లు ఎక్కువ లేచింది. రెండు వేళ్లే.

ఇంటికి నడుస్తూ పిన్ని ఆలోచించింది. బస్టాపు దాటింది, పళ్లబండి దాటింది, ఆలోచన మాత్రం ఒకేచోట తిరుగుతోంది. ఎండి అట్టకట్టిన గుడ్డను తడపకుండా రుద్దితే ముడత పోదు, ఇంకా లోతుగా అచ్చు పడుతుంది. ముందు నీళ్లు చిలకరించాలి. చుట్టచుట్టి పక్కన పెట్టాలి. తడి ప్రతి దారంలోకీ పాకేదాకా ఆగాలి. ఈ సంగతి ఇరవై ఆరేళ్లుగా తన చేతులకి తెలుసు. తన భుజాన్ని మాత్రం ఎనిమిది నెలలుగా పొడి గుడ్డలా రుద్దుతోంది. మనసు గట్టి చేసుకోవడమంటే ఏమిటో ఇప్పుడర్థమైంది. గట్టిపడ్డది చాలదని ఇంకా గట్టిపరచడం.

గోడమీద వేళ్లతో పాకమని ఆ అమ్మాయి చెప్పింది. సాలీడులా ఒక్కో వేలూ పైకి వేస్తూ, ఎక్కడ ఆగితే అక్కడ గుర్తు పెట్టుకోమంది. పిన్ని వంటగది గుమ్మం దగ్గర నిలబడింది. ఆ గుమ్మం చట్టానికి పెన్సిలు గీతలున్నాయి. కూతురు చిన్నప్పుడు ప్రతి పుట్టినరోజుకీ నిలబెట్టి పొడవు కొలిచిన గీతలు, పక్కన ఏళ్లు. పిన్ని వేళ్లు మెల్లగా పాకి, ఊపిరి వదిలి, ఇంకొంచెం పాకి, ఒక గీత దగ్గర ఆగిపోయాయి.

మందుల షాపులో పనిచేసి అప్పుడే ఇంటికొచ్చిన కూతురు వంగి చూసింది.

"ఆరేళ్లమ్మా నీకు. ఒకటో తరగతిలో వేద్దామా?"

పిన్నికి నవ్వాగలేదు. నవ్వుతుంటే వేళ్లు ఇంకో అంగుళం జరిగాయి. అది కూడా ఆమె గమనించింది.

కౌంటరు దగ్గర టవళ్ల కొండ ఉంటుంది. హోటళ్లవి, క్షౌరశాలలవి, ఈతకొలనువి. మొదటి రోజుల్లో తల కొట్టేసినట్టుండేది పిన్నికి. పట్టుబల్ల వైపు చూడకుండా ఉండేందుకు కుర్చీని పక్కకి తిప్పుకుంది. అయితే ఒక విచిత్రం జరిగింది. పక్కటెముకల కింద అగ్గిపుల్ల అంటుకున్నప్పుడు, ఏడాదిన్నరలో మొదటిసారి, పక్కన ఇస్త్రీపెట్టె లేదు. బాయిలరు ఆవిరి లేదు. ఆ వేడి ఒక్కటే ఎదురుగా వచ్చి కూర్చుంది, పరిచయం చేసుకోవడానికి వచ్చిన మనిషిలా.

పారిపోవడానికి చోటు లేదు కాబట్టి పిన్ని దాన్ని చూసింది. చేతులు టవళ్లు మడతపెడుతూనే ఉన్నాయి. ఎక్కడ మొదలైందో, ఎటు ఎక్కిందో, చెంపల్లో ఎంతసేపు ఉందో, ఎప్పుడు దిగిందో చూసింది. అది దిగేసరికి పదకొండు టవళ్లయ్యాయి. మర్నాడు పదకొండు. ఆ మర్నాడు పన్నెండు, మళ్లీ పదకొండు. ఒకరోజు ఎవరో కస్టమరు ఆమె మొహంలోకి వింతగా చూసి, ఒంట్లో బాలేదా అంటే, నలుగురూ చూస్తున్నారేమో అన్న కంగారులో అది పదిహేను టవళ్లదాకా వదల్లేదు. ఊపిరి వదులుతూ, దవడ వదులు చేసి, రానీలే అనుకున్న రోజుల్లో కూడా అది వచ్చేది. పదకొండు టవళ్లూ ఉండేది. కానీ దానితో పోట్లాడే పని తప్పేది. ఒకటి రెండుసార్లు తొమ్మిదికే వెళ్లిపోయింది. దాని మీద ఆశ పెట్టుకోలేదు పిన్ని. దానికి ఒక పొడవుందని తెలియడమే ఆమెకి కావలసినంత అయింది. ఏడాదిన్నరగా ఆమెను భయపెట్టింది వేడి కాదు, దానికి చివర లేదేమోనన్న అనుమానం.

మిగిలింది చెంప. చెంప మళ్లీ ఎప్పటికి నిజం చెబుతుందో తెలియదు. ఆ సంగతి ఒక ఆదివారం మొగుడితో అంటే, ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నేను బండి జబ్బు చెవితోనే పడతాను కదోయ్. చెంప కాకపోతే చెవి. నీళ్లచుక్క వేసి విను."

"మీ బస్సూ నా పట్టూ ఒకటేనా?" అంది పిన్ని. అంది కానీ, లేచి ఇంట్లోని ఇస్త్రీపెట్టె తెచ్చింది. ఫ్యాను ఆపేశారు. కూతుర్ని ఫోన్ పక్కన పెట్టమన్నారు. వంటగదిలో ముగ్గురూ ఇనుము చుట్టూ వంగి నిలబడ్డారు, పసిపిల్ల ఊపిరి వింటున్నట్టు. పిన్ని వేలు తడిపి ఒక చుక్క విదిల్చింది. పెట్టె మరీ వేడిగా ఉంటే చుక్క ఎగిరి గెంతేది, చుర్రుమనేది. కొంచెం చల్లారాక గెంతడం మానేసి, ఉన్నచోటే నురగలు కట్టి ఆరేది. ఇంకా చల్లారాక వెడల్పుగా పరుచుకుని, అలసిన మనిషి కూర్చుంటూ వదిలే నిట్టూర్పులా మెత్తగా శబ్దం చేసేది. పాత పట్టుగుడ్డ ముక్క మీద ఆ నిట్టూర్పు దగ్గర పెట్టి చూసింది. ముడత పోయింది, గుడ్డ మెరిసింది.

నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి. మూడో ఆదివారం పెట్టె మరీ వేడెక్కి మొగుడి పాత టై ఒకటి కాలిపోయింది. అది పోయినందుకు తనకేం బాధలేదని ఆయన అన్నాడు, ఆ మాట నిజంగానే అన్నాడు.

గౌను వచ్చింది. పొడవాటి సంచిలోంచి తీసి పట్టుబల్ల మీద పరిస్తే, మబ్బు పట్టిన పొద్దుటిపూట చెరువులా ఉంది. అక్క కౌంటరు దగ్గరే నిలబడింది, దగ్గరికి రాలేదు. అక్కాచెల్లెళ్లు తమ పనిలో మునిగినట్టు నటిస్తున్నారు. మరకల మామయ్య నటించే ఓపిక కూడా లేక కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాడు.

పిన్ని పెట్టెను ఎత్తింది. అలవాటుగా చెంప వైపు రాబోయింది చెయ్యి. ఆపింది. వేలు తడిపి చుక్క విదిల్చి తల వంచి వింది. చుక్క గెంతింది. తను ఆగింది. మళ్లీ చుక్క, మళ్లీ ఆగడం. మూడోసారి నిట్టూర్పు వినిపించింది. నీళ్లు చిలకరించి, ఊపిరి వదులుతూ మొదటి మడత మీదికి వంగింది. భుజం ఊ అంది. ఊ అననీ అనుకుంది.

పది మడతలు. ఇరవై. ప్రతి మడతకీ ఒక ఊపిరి. చెయ్యి దూరం చాపాల్సినచోట తనే బల్ల చుట్టూ జరిగింది. ఇదివరకు అలా జరిగేది కాదు, అక్కడే నిలబడి చెయ్యి చాపేది. ముప్ఫై. కిటికీ వెలుతురు గుడ్డ మీద నెమ్మదిగా దాటుతోంది.

ముప్ఫై ఒకటో మడత మీద ఉండగా పక్కటెముకల కింద అగ్గిపుల్ల గీసుకుంది.

పెట్టె చేతిలో ఉంది. గుడ్డ సగంలో ఉంది. నియమం ఇరవై ఆరేళ్లుగా ఆమె ఎముకల్లో ఉంది. ఆపితే గీత పడుతుంది. ఆపకపోతే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు, దాని ఆకారం గోధుమరంగు ఆకు. వేడి గొంతు దాటి చెవుల్లోకి ఎక్కింది. ఇప్పుడు చెంపే కాదు, చెవి కూడా హోరెత్తుతోంది. భుజం, దవడ, మెడ గొళ్లెం పెట్టుకోవడానికి సిద్ధమయ్యాయి. అందరికీ తెలిసిపోతుందన్న భయం అన్నిటికంటే ముందొచ్చి గుమ్మంలో నిలబడింది.

పిన్ని ఊపిరి వదిలింది. పెట్టెను ఎత్తి దాని పీట మీద నిలబెట్టింది. ఆ చిన్న శబ్దానికి గదంతా ఆగింది.

"నాకు వేడొస్తోంది," అంది పిన్ని, మామూలు గొంతుతో, వాన పడుతోంది అన్నట్టు. "నెలసరి ఆగిన దగ్గర్నుంచి వస్తోంది. పదకొండు టవళ్ల సేపు ఆగి మళ్లీ చేస్తాను."

పదకొండు టవళ్లేమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఎవరూ అడగలేదు. అక్కాచెల్లెళ్లలో పెద్దది వచ్చి పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, మళ్లీ వెళ్లి తన బల్ల మీది ఫ్యానును ఇటు తిప్పింది. పిన్ని కిటికీ వైపు మొహం పెట్టి, చేతులు వేలాడేసి, గాల్లోనే టవళ్లు మడతపెడుతున్నట్టు లోపల లెక్కపెట్టుకుంటోంది. మూడు. నాలుగు.

అక్క కౌంటరు వెనకనుంచి వచ్చింది. పిన్ని వైపు కాదు, గౌను వైపు. ఒక పల్చటి మల్లు గుడ్డను తడిపి, గట్టిగా పిండి, సగమయిన మడతల మీద పొరలా కప్పింది. తడి ఆరకపోతే గీత పడదు. అంత చిన్న సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ తట్టలేదు. ఆపకూడదన్న నియమం ఉంటే, ఆపినప్పుడు ఏం చెయ్యాలో ఎవరు ఆలోచిస్తారు?

గుడ్డ సర్దుతూ సర్దుతూ అక్క ఆగింది.

"అమ్మ చెంప మీద మచ్చ గుర్తుందా నీకు?" అంది మెల్లగా. "అది నేను కాలేజీలో చేరిన ఏడాది పడింది. అమ్మకి అప్పుడు నీ వయసే."

పిన్ని ఇటు తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దావిడ రోజూ కళ్లు మూసుకుని పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకోవడం ఇద్దరికీ కనిపించింది. ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి, ఏ వేడి ఎవరిదో తేల్చుకోలేక. ఎవరికీ చెప్పలేదు. నవ్వేసింది.

ఎనిమిది. తొమ్మిది. మల్లు గుడ్డ మీద అక్క చెయ్యి అలాగే ఉంది.

పదకొండుకి వీపు మీద చల్లబడింది. పిన్ని మొహం తుడుచుకుని, చుక్క విదిల్చి, నిట్టూర్పు విని, ముప్ఫై ఒకటో మడత దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. నలభై ఎనిమిదోది అయ్యేసరికి కిటికీ వెలుతురు బల్ల అంచు దాటిపోయింది. మరకల మామయ్య దగ్గరికొచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ముప్ఫై ఒకటో మడత మీద వంగి చాలాసేపు వెతికాడు. గీత దొరకలేదు. దొరకనందుకు ఆయనకి కొంచెం నిరాశగా కూడా ఉన్నట్టుంది.

సోమవారం నుంచి టవళ్లకి ఎవర్నైనా చూడాలి అని అక్క ఎవరితోనో అన్నట్టు అంది. వెళ్తూ వెళ్తూ మల్లు గుడ్డను తీసుకెళ్లలేదు. పట్టుబల్ల పక్కనున్న మేకుకి తగిలించి వెళ్లింది.

గౌనును హ్యాంగరుకి వేసి పిన్ని పై కమ్మీ వైపు చూసింది. చెయ్యి సాచింది. ఊపిరి వదిలింది. చెయ్యి లేచింది, లేచి, ఇంట్లో గుమ్మం చట్టం మీద తనకి బాగా తెలిసిన ఒక గీత దగ్గర ఆగింది. భుజం అక్కడినుంచి పోనివ్వలేదు. కర్ర కోసం చూడబోయి మానేసి, హ్యాంగరును మామయ్య చేతిలో పెట్టింది.

"నువ్వు తగిలించు మామయ్యా. నాకింకా పదేళ్లే."